మగ్దలీన సీసా

14 జులై 2025, సోమవారం

నాకు రాయడం వచ్చు. బడి వరండాలో అందరి ముందూ వచ్చన్నాను కాబట్టి ఇక రావాలి. అందుకే ఈ పుస్తకం. మనవరాలు నిస్సీకి బడిలో ఇచ్చినవాటిలో ఇదొకటి మిగిలింది. రోజూ నాలుగు ముక్కలు రాస్తే చెయ్యి తిరుగుతుంది. ఎవరికీ చూపించను.

జరిగింది ఇది. విశాఖపట్నం నుంచి రజని అనే అమ్మాయి వచ్చింది. పిహెచ్‌డి చేస్తోందట. కిడ్నీల మీద. మా ఉద్దానం ఊళ్లలో కిడ్నీల సర్వే కొత్తేమీ కాదు. రక్తం తీసుకెళ్లినవాళ్లను చాలామందిని చూశాను. ఈ రోగం ఎందుకొస్తోందో చెప్పడానికి మళ్లీ మా గుమ్మం తొక్కినవాళ్లను చూడలేదు. ఆ మాటే ఆ అమ్మాయి మొహం మీద అనేశాను. తల దించుకోలేదు. జవాబు దొరికినా దొరక్కపోయినా నేను తిరిగొస్తాను తాతగారూ, వచ్చి మీకే ముందు చెబుతాను అంది. చూద్దాం.

మూడో తరగతి పిల్లలందరికీ ఒక చిన్న పుస్తకం ఇచ్చింది. నీళ్ల గురించి, ఉప్పు గురించి, బీపీ గురించి. రోజుకో పేజీ ఇంట్లో పెద్దవాళ్లకు చదివి వినిపించాలి. విన్నవాళ్లు కింద సంతకం పెట్టాలి. ఆరు నెలలయ్యాక పిల్లకి చదువు పెరిగిందా, ముసలాళ్ల ఒంట్లో ఏమైనా మారిందా, రెండూ చూస్తుందట. అందుకోసం ఇప్పుడొకసారి, అప్పుడొకసారి మొగుడూ పెళ్లాం ఇద్దరూ సీసాలో ఉచ్చ పోసివ్వాలి. అందులో తేడా ఉన్నవాళ్లకే రక్తపరీక్ష.

ఫారంలో చదవడం రాయడం వచ్చా అని ఒక గడి ఉంది. కిరణ్ కుమార్ మాస్టారు నన్ను అడక్కుండానే రాదు అని టిక్కు పెట్టబోయాడు. పెన్ను లాక్కున్నాను. ఈ ప్రభుదాసుకు డెబ్బై ఒకటి. మిషన్ బడిలో రెండో తరగతి. బైబిలు వేలు పెట్టి చదువుతాను. ఒక్కో వచనానికి ఒక బీడీ కాలినంత సేపు పడితే పడుతుంది. వచ్చంటే వచ్చు.

మా ఆవిడ మగ్దలీన వేలిముద్ర వేసింది.

15 జులై, సాయంత్రం ఆరు

నిస్సీ మొదటి పేజీ చదివింది. ఇది నా కొడుకు డేనియల్ కూతురు. వాడు కాశీబుగ్గకు ఆటో తోలతాడు. కోడలు ఇవాంజెలిన్ జీడిపప్పు ఫ్యాక్టరీకి పోతుంది. పిల్ల పగలంతా మా ఇద్దరిదే.

మన ఒంట్లో రెండు కిడ్నీలు ఉంటాయి అని చదివింది. తరవాత, అవి చి, చి, అని ఆగిపోయింది. నా వైపు చూసింది. నేనూ పేజీ వైపు చూశాను. క కింద ఏదో వేలాడుతోంది. అది నాకు ఎప్పుడూ లొంగలేదు. గొంతు సవరించుకుని, నేను చెప్పేస్తే నీకెలా వస్తుంది, నువ్వే చదువు అన్నాను. చి, కు, డు, గింజల్లా, అంది పిల్ల.

పొయ్యి దగ్గర నుంచి మగ్దలీన, సిక్కుడు గింజలు గాబోలు, ఇంకేటి గింజలుంటాయే గుంటా అంది.

అక్షరం ముక్క రాని మనిషి మా ఇద్దర్నీ గట్టెక్కించింది.

17 జులై

నాకు ఒత్తులు రావని నిస్సీ కనిపెట్టేసింది. ఎవరికీ చెప్పనంది.

20 జులై, ఆదివారం

ఆరాధన అయ్యాక ఆశా వర్కర్ తులసి ప్రార్థన గుడి మెట్ల మీద నిలబడి చెప్పింది. మంగళవారం సాయంత్రం సీసాలు ఇస్తుంది, బుధవారం పొద్దున లేవగానే పోసి ఉంచాలి. నా ఈడువాడు పోలయ్యకి నోరు ఊరుకోదు. మన ఉచ్చకి ఇంత గిరాకీ ఉందని తెల్దు గానీ, ఇన్నాళ్లూ జీడితోటలో ఊరికే ఒగ్గీసినామేటిరా ప్రభుదాసూ అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మగ్దలీన నవ్వలేదు.

ఇంటికొచ్చాం. అన్నం పెట్టి పక్కన కూర్చుంది. అప్పుడు చెప్పింది. మావా, నాను సీసా ఇవ్వను. తెలీకపోతే బతుకుతాను. తెలిస్తే సచ్చిపోతాను.

నాకు అర్థమైంది. వాళ్ల తమ్ముడు పైడిరాజు. మూడేళ్లు వారానికి మూడుసార్లు డేనియల్ ఆటోలో పలాస పోయి డయాలసిస్ చేయించుకొచ్చాడు. మా ఊళ్లో మనిషి ఎదురైతే తిన్నావా అని కాదు, ఎంత ఉంది అని అడుగుతారు. క్రియాటినిన్ లెక్క, రక్తంలో అది ఎంత పెరిగితే కిడ్నీలు అంత పోయినట్టు. పైడిరాజు తన నంబరు వేళ్ల మీద చూపించేవాడు. నాలుగు. ఆరు. తొమ్మిది. వేళ్లు చాలనప్పుడు నవ్వేవాడు. ఆఖరి రోజు ఆటోలో మగ్దలీన అతని చెప్పులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తిరిగొచ్చేటప్పుడూ అవి ఒళ్లోనే ఉన్నాయి.

ఇద్దరం ఇస్తామని అందరి ముందూ మాటిచ్చాను కదా అన్నాను.

నీ మాట కోసం ఇత్తాన్లే అంది.

ఆ జవాబు నాకు బాగోలేదు.

22 జులై, సాయంత్రం

సీసాలు వచ్చాయి. మందు సీసాలంత, తెల్ల మూతలు. తులసి స్టిక్కర్ల మీద పేర్లు రాసి అంటించింది. రెండూ ఒకేలా ఉన్నాయి. ఇందులో నాదేది అని మగ్దలీన అడిగింది. తులసి చూపించింది. తులసి వెళ్లాక నన్ను అడిగింది. మళ్లీ నిస్సీని అడిగింది. పిల్ల మామ్మ వేలు పట్టుకుని స్టిక్కర్ మీద పెట్టి, ఇదే నువ్వు అంది.

23 జులై, పొద్దున ఆరు

ఒక పని చేశాను. రాస్తున్నాను కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తాను.

మగ్దలీన సీసా నింపి నూతి గట్టు మీద పెట్టింది. దాని మీద తువాలు కప్పింది. పెరట్లోకి పోయి మోకాళ్ల మీద కూర్చుంది. ప్రభువా, పైడిరాజు పోయిన దారిలో నన్ను తోలకు అంటోంది. వీపు వణుకుతోంది. తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఇంటి కప్పు సగం ఎగిరిపోతే, ఈ మనిషే తలుపుకు వీపు ఆనించి తెల్లారేదాకా నిలబడింది. అప్పుడు వణకలేదు. నలభై ఐదేళ్ల కాపురంలో ఆ వీపు వణకడం నేను చూడలేదు.

తువాలు తీశాను. ఆమెది లేత కొబ్బరి నీళ్లలా తేటగా ఉంది. కొబ్బరి చెట్టు మొదట్లో పారబోశాను. సీసా కడిగాను. నాది పోశాను. నా సీసాలోనూ నాదే.

నాది నురగ కట్టింది. కల్లులా. కల్లు మానేసి ముప్పై ఏళ్లయింది కానీ ఆ నురగ మరిచిపోలేదు. బలమున్న ఒళ్లు ఇలాగే పొంగుతుంది అనుకున్నాను. నలభై ఏళ్లు కొబ్బరి చెట్లెక్కాను. ఒక్క సూది ఎరగను. నా ఒంట్లో ఉన్నది ఆమెకు కాస్త పెట్టాను. అంతే. దొంగతనం కాదు.

ఏడింటికి తులసి వస్తుంది.

24 జులై

మగ్దలీన పాట పాడుకుంటూ చేపలు కడిగింది. నీది బాగానే ఉంటుంది అన్నాను. నీకెలాగ తెలుసు మావా అంది. తెలుసు అన్నాను.

28 జులై

ఈరోజు పేజీ నొప్పి బిళ్లల గురించి. రోజూ మింగితే కిడ్నీలకు చేటు అని ఉంది. నిస్సీ చదవడం ఆపి నా చొక్కా జేబు వంక చూసింది. అందులో ఎర్ర బిళ్లల అట్ట ఉంటుంది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. తిత్లీకి పడిన చెట్లు నరికి మోసినప్పుడు నడుం పోయింది. అప్పటి నుంచి. అది లేకపోతే వంగలేను.

ఆ పేజీ వేరేవాళ్లకి, నాకు కాదు అన్నాను. సంతకం పెట్టాను. ముందుకన్నా బాగా వచ్చింది.

2 ఆగస్టు, శనివారం

మధ్యాహ్నం రజని, తులసి వచ్చారు. మగ్దలీన కొబ్బరి కోరుతోంది. రజని చెప్పులు విడిచి నేల మీదే కూర్చుంది. అప్పుడే అనుకున్నాను, మంచి మాట చెప్పడానికి ఎవరూ అంత మెల్లగా కూర్చోరు.

ఇద్దరి సీసాల్లోనూ ప్రొటీన్ పోతోందట. మూడు ప్లస్సులు. ఇద్దరికీ సమానంగా. ఇంతటితో అయిపోయినట్టు కాదు, రక్తం చూస్తే ఎంత దాకా వచ్చిందో తెలుస్తుంది, మొదట్లోనే పట్టుకుంటే చాలా చెయ్యొచ్చు అంది. మగ్దలీన కోరుతూనే ఉంది. తెలుపంతా అయిపోయింది. చిప్ప గోధుమరంగు పొట్టు పళ్లెంలో పడుతోంది. అయినా కోరుతోంది. తులసి చెయ్యి పట్టుకుని ఆపింది.

నాను రక్తం ఇవ్వను అంది మగ్దలీన. ఆ ఒక్క మాటే.

అదే రోజు, ఏడు గంటలకు

నాకా?

3 ఆగస్టు, ఆదివారం

మగ్దలీన గుడికి రాలేదు. నేనూ పోలేదు. జ్వరమని నిస్సీ చేత కబురంపాను. ఇంకో అబద్ధం.

ఎందుకు చెప్పలేదో రాయాలి. చెబితే ఒకటి దొంగనవుతాను, రెండు రోగినవుతాను. రెండూ ఒకే రోజు అవడం నా వల్ల కాలేదు.

5 ఆగస్టు

రజని మళ్లీ వచ్చింది. మొహం వెలిగిపోతోంది, దాచుకోవాలని చూస్తోంది కానీ దాగడం లేదు. ఇన్ని ఇళ్లలో మొగుడికీ పెళ్లానికీ ఒకే తీరుగా ఉన్నది మా ఒక్క ఇంట్లోనే అట. ఒకే నుయ్యి, ఒకే కుండ, ఒకే పొయ్యి. ఆ అమ్మాయి చెప్పేదాన్ని బట్టి వాళ్ల ప్రొఫెసర్ గారు కూడా వస్తారు. నూతి నీళ్లు పట్టుకుంది. బియ్యం కట్టుకుంది. ఎండుచేప ఒకటి కవర్లో వేసుకుంది. పెరట్లో మట్టి కూడా తీసింది, సరిగ్గా ఆ కొబ్బరి చెట్టు మొదట్లోనే. మీ ఇంటి వల్ల ఏదైనా తేలొచ్చు తాతగారూ అంది.

మగ్దలీన లేచి లోపలికి పోయి చింతపండు కూడా తెచ్చిచ్చింది. ఇది కూడా సూడమ్మా, నా వొల్ల ఇంకొకడి తమ్ముడు బతికితే సాలు అంది.

నాకు ఆమె మొహం చూడడం చేతకాలేదు.

ఊరూరా తిరిగి ఆ అమ్మాయి జవాబు వెతుకుతోంది. నేను దాని కళ్లలో దుమ్ము కొట్టాను. తిరిగి రానివాళ్లను ఇన్నేళ్లూ తిట్టాను. వచ్చినదానికి ఇదీ నేను చేసింది.

6 ఆగస్టు

ఎర్ర బిళ్లలు వేసుకోలేదు. మంచం మీద నుంచి లేవడానికి నిస్సీ చెయ్యి కావలసి వచ్చింది.

7 ఆగస్టు

పొద్దున నిస్సీ బడికి బయల్దేరితే చూశాను. ఒక జడ చెవి పక్కన ఉంది, ఇంకోటి మెడ మీద. ఏమిటే ఇది అన్నాను. నేనే వేసుకున్నాను తాతా, మామ్మ నేర్చుకోమంది అంది. ఎందుకట అన్నాను. మామ్మ లేకపోతే ఎవరేస్తారు అని పిల్ల నన్నే అడిగింది.

లోపలికి పోయి చూశాను. ట్రంకు పెట్టె తీసి ఉంది. గుడికి కట్టుకునే తెల్ల చీర మడత పెట్టి కోడలి మంచం మీద ఉంది. డేనియల్ కి ఇష్టమైన చేపల పులుసులో చింతపండు ఎంత వెయ్యాలో ఇవాంజెలిన్ కి నిన్న చెబుతుంటే విన్నాను. పండక్కేమో అనుకున్నాను.

రేపు చెబుతాను.

రేపు కాదు, ఇప్పుడే. కానీ ఇప్పుడు అలికిడిగా ఉంది, తులసి వచ్చినట్టుంది. రేపు పొద్దున. ఇక్కడ రాశాను కాబట్టి చెప్పాలి.

8 ఆగస్టు, సాయంత్రం

చెప్పాను.

పొద్దున నూతి దగ్గర నీళ్లు తోడుతోంది. నీ సీసా నేను పారబోశాను, అందులో నాది పోశాను, నీకేమీ లేదు అన్నాను. ఒక్క ఊపిరిలో. చేద తాడు చేతిలో అలాగే ఉంది. మళ్లీ సెప్పు అంది. మళ్లీ చెప్పాను.

నా పేరెట్టి నీ ఉచ్చ పంపినావా ముసిలోడా అంది.

అవునన్నాను.

చేద నూతిలోకి వదిలేసింది. ఎంత గట్టిగా నవ్విందంటే పక్కింటి బొడ్డమ్మ గోడ మీద నుంచి తల పెట్టి చూసి, ఏటయిందే అంది. ఏటీ లేదు వదినా, మా ఆయనకి బుర్ర పోనాది అంది. ఆరు రోజుల తరవాత నవ్వడం. కళ్ల నీళ్లు తుడుచుకుంటూ నన్ను తిట్టింది. రాసేవి కావు ఆ తిట్లు. నిన్ను ఎవడు పొయ్యమన్నాడు, నా బయం నాది, నా సీసా నాది, నాకు సెప్పకుండా నా దాన్ని పారబొయ్యడానికి నువ్వెవడివి అంది.

అంతలో ఆగిపోయింది. నవ్వు మొహం మీద అలాగే ఉంది, కింద నుంచి ఎవరో లాగేసినట్టు కళ్లు మారాయి.

అయితే నీకా మావా అంది.

నేను చెట్టు వంక చూశాను. నూతిలో చేద పడిపోయింది, కొక్కెం తెస్తానుండు అన్నాను. చెయ్యి పట్టుకుని పోనివ్వలేదు. ఇద్దరం గట్టు మీద కూర్చున్నాం. నిస్సీ బడి నుంచి వచ్చేదాకా కూర్చున్నామేమో. మధ్యలో ఆమె లేచి వెళ్లి ట్రంకు పెట్టెలో చీర పెట్టేసి వచ్చింది.

9 ఆగస్టు, శనివారం

రజనికి చెప్పాలి. ఫోన్లో వద్దంది మగ్దలీన, మొకం మీద సెప్పు అంది. డేనియల్ ఆటో ఎక్కి వజ్రపుకొత్తూరు పోయాను. అక్కడ వాళ్లకొక గది ఉంది. గది నిండా సీసాలు, కాగితాలు. మా ఇంటి చింతపండు పొట్లం మీద కూడా నంబరు అంటించి ఉంది.

చెప్పాను. రజని కంప్యూటర్ మూసింది. కోపం వచ్చిందనుకున్నాను. వచ్చింది కూడా. తాతగారూ, నేను మీ ఇంటి గురించే మూడు రోజులుగా రాస్తున్నాను అంది. మా ఇంటి పేజీ కొట్టెయ్యి, బడి దగ్గర అందరి ముందూ నేను చేసింది చెప్పు, పడతాను అన్నాను. కొట్టెయ్యనంది. ఎందుకు చేశారు అని అడిగింది. నూతి గట్టు, తువాలు, వీపు, అన్నీ చెప్పాను. ఆ అమ్మాయి కిటికీ వైపు తిరిగింది. మా ఫారంలో భయానికి గడి లేదు తాతగారూ, అది నా తప్పు అంది.

తనూ ఒక తప్పు ఒప్పుకుంది కాబట్టి నేను తల ఎత్తుకుని బయటికొచ్చాను. బండి ఎక్కాక దించేశాను.

13 ఆగస్టు

పలాస. జీవితంలో మొదటి సూది. మగ్దలీన ముందు ఇచ్చింది, నాకు చూపించడానికి. సీమ కుట్టినట్టుంటాది, అంతే అంది. నేను ఇంకోవైపు చూశాను. నర్సు నవ్వింది.

ఆమెది సున్నా పాయింటు ఎనిమిది. నాది రెండు పాయింటు ఒకటి.

డాక్టరు నాతో నెమ్మదిగా చెప్పాడు. నేను చెట్టెక్కేవాడినని తెలిసి ఆ లెక్కలోనే చెప్పాడు. సగం చెట్టు దిగిపోయావు తాతా, మళ్లీ పైకెక్కలేవు, కానీ ఉన్నచోట పట్టుకుని ఉండొచ్చు అన్నాడు. ఎర్ర బిళ్లలు మానాలి. బీపీ బిళ్ల వెయ్యాలి. ఉప్పు, ఎండుచేప తగ్గించాలి. ఎండలో నోరెండేదాకా పని చెయ్యకూడదు. మూడు నెలలకోసారి రక్తం.

ఊళ్లో ఆటో దిగగానే పోలయ్య ఎదురొచ్చాడు. ఎంతరా అన్నాడు. మా ఊరి పలకరింపు. డెబ్బై ఒక్కేళ్లు ఆ ప్రశ్న నాది కాదు.

మాది రెండు పాయింటు ఒకటి అంది మగ్దలీన.

పోలయ్య ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఇద్దరికీనా అన్నాడు. ఆ, మాది అంది. నా చేతిలో సంచి తీసుకుని ముందు నడిచింది.

30 ఆగస్టు

బిళ్లలు మానితే నడుం నొప్పి నన్ను వదలడం లేదు. సాయంత్రం కొబ్బరినూనె వేడి చేసి మగ్దలీన రుద్దుతుంది. తరవాత నిస్సీ గోడ పట్టుకుని నా వీపు మీద నడుస్తుంది. నడుస్తూ పేజీ చదువుతుంది. కింద నుంచి నేను వింటాను. తప్పు చదివితే కాలు ఆగుతుంది. అలా నాకూ కొన్ని ఒత్తులు వచ్చాయి. వీపులోంచి వచ్చాయి.

14 సెప్టెంబరు

ఉప్పు లేని పప్పు. రాయడానికి ఏమీ లేదు.

15 సెప్టెంబరు

నిన్నటిది తప్పు. మగ్దలీన కూడా ఉప్పు లేకుండానే తింటోంది. నీకెందుకు, నీది సున్నా పాయింటు ఎనిమిది కదా అన్నాను. రెండు కుండలు ఎవడు తోముతాడు అంది.

11 అక్టోబరు

వారమంతా వాన. పేజీలు చెమ్మగిల్లాయి, రాయలేదు. ఇవాళ మధ్యాహ్నం పడుకుని లేచేసరికి వసారాలో బడి జరుగుతోంది. నిస్సీ కుర్చీలో, మగ్దలీన నేల మీద, ఒళ్లో పలక. నిస్సీ బొత్తిగా కిరణ్ కుమార్ మాస్టారులా, చేతులు కట్టుకో అంటోంది. చేతులు కట్టుకుంటే ఎలాగ రాత్తానే గుంటా అంటోంది ఈమె.

ఏమిటిదంతా అన్నాను. ఈపాలి సీసా మీద నా పేరు నానే రాసుకుంటాను, నిన్ను నమ్మీది లేదు ముసిలోడా అంది.

నవ్వబోయాను. ఆమె నవ్వలేదు. పలక మీద మ ఉంది. వంకరగా, పడిపోతున్న పాకలా. కానీ మ.

15 నవంబరు

రెండు పాయింటు ఒకటి. కదల్లేదు. ఉన్నచోట పట్టుకున్నావు తాతా అన్నాడు డాక్టరు. మగ్దలీన దారి పొడుగునా ఎదురైన ప్రతివాళ్లకీ చెప్పింది, వాళ్లు అడక్కపోయినా.

2 డిసెంబరు

మ, గ అయ్యాయి. తరవాతి అక్షరం దగ్గర మగ్దలీన పలక విసిరేసింది. నా పేరు ఇంత కట్టంగా ఎవడెట్టాడు, మా అమ్మ బొడ్డమ్మనో గిడ్డమ్మనో పెట్టకపోనాది అంది. గోడ అవతల నుంచి బొడ్డమ్మ, ఇన్నాను అంది.

సాయంత్రం పలక ఆమే వెతుక్కుంది.

20 జనవరి 2026, మంగళవారం

రజని తిరిగొచ్చింది. వస్తానన్న రోజుకే.

ముందు నాకే చెప్పింది, అన్నమాట ప్రకారం. ఈ రోగం ఎందుకొస్తోందో ఇంకా తెలియలేదు తాతగారూ అంది. ఆ మాట చెప్పడానికి అంత దూరం నుంచి వచ్చింది. కుర్చీ వేశాను. జవాబు లేకుండా తిరిగొచ్చిన మొదటి మనిషివి నువ్వే, కూర్చో అన్నాను.

బడిలో నిస్సీకి పరీక్ష పెట్టింది. పేజీ మొత్తం ఎక్కడా ఆగకుండా చదివేసిందట. జులైలో ఈ పిల్లే రెండు వరుసలు దాటలేదు. నీకు ఎవరు నేర్పారమ్మా అని అడిగితే నిస్సీ చెప్పిన జవాబు రజని తన పుస్తకంలో రాసుకుంది. నాకూ చదివి వినిపించింది. మా తాతకి రాదు కదా టీచర్, మామ్మకీ రాదు, నాకు రాకపోతే ఇంట్లో ఇంకెవరికీ రాదు, అందుకని వచ్చింది.

ఎవరికీ చెప్పనంది. ఆరు నెలలు ఆగింది. ఫరవాలేదు.

రేపు పొద్దున సీసాలు. ఈసారి రజని ఫారం మారింది. ఆడవాళ్లతో విడిగా కూర్చుంది. భయముందా అని అడిగింది. ఇవ్వనన్నవాళ్లను ఇవ్వమని ఒత్తిడి చెయ్యలేదు. స్టిక్కర్లు కూడా ఉత్తవే ఇచ్చింది, ఎవరి పేరు వాళ్లు రాసుకోవచ్చు, రాని వాళ్లకు తులసి రాస్తుంది. మగ్దలీన తులసిని దగ్గరికి రానివ్వలేదు. నీకు భయం లేదా అని రజని అడిగితే, ఉన్నాది, నాదే కదా, ఉండనీ అంది.

ఇప్పుడు వచ్చి ఈ పుస్తకం అడిగింది. ఇది ఉందని తనకు ఎప్పుడో తెలుసట. సీసా నింపాక, స్టిక్కర్ మీద రాసేముందు ఒకసారి ఇందులో రాసి చూసుకుంటుందట. ఒక్కటే స్టిక్కర్ ఉంది, తప్పు పోకూడదు. నేను చూడకూడదు. నూతి గట్టు దగ్గరికి రానేకూడదు.

సరే అన్నాను. ఎవరికీ చూపించనని మొదటి రోజే రాశాను. ఆమె ఎవరో కాదు. రేపటి తారీఖు మాత్రం నేను వేసి పెడుతున్నాను. మిగతా పేజీ ఆమెది.

21 జనవరి

మగదలీన

మగ్దలీన

నాది